పడవలో కారు ఇంజను: ఎంత వేడిలో నడవాలి, ఉప్పునీళ్లు ఎక్కడిదాకా రావాలి

విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద ఇంజన్ల ఊసు వస్తే "మాది హెడ్డు మీద చెయ్యి పెట్టినా కాలదు, అంత చల్లగా నడుస్తుంది" అని గొప్పగా చెప్పేవాళ్లు ఉంటారు. ఆ ఇంజను కారులోంచో జీపులోంచో తీసి పడవలో దించిన డీజిల్ ఇంజనైతే, ముందు దాని ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడండి. మీగడలా తెల్లగా, జిగురుగా ఏదైనా అంటుకుని ఉంటే అది ఆయిల్లో కలిసిన నీరు. ఇంజను పైభాగమైన హెడ్డుకీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినా అలాగే కనిపిస్తుంది. గ్యాస్కెట్ బాగుండి కూడా కనిపిస్తోందంటే ఆ ఇంజను ఎప్పుడూ సరిగా వేడెక్కడం లేదన్నమాట.

కారు ఇంజను 80 నుంచి 90 డిగ్రీల నీటితో నడవడానికి తయారైంది. పిస్టన్‌కీ అది కదిలే బోరుకీ మధ్య ఎంత సందు ఉండాలో ఆ వేడిని లెక్కలో పెట్టుకునే నిర్ణయిస్తారు. 50 డిగ్రీల దగ్గర నడిపితే సందు ఎక్కువగా మిగిలిపోతుంది, రింగులు సరిగా పట్టవు, కాలని డీజిల్ గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. మంటలోంచి పుట్టే నీటి ఆవిరి చల్లని బోరు గోడ మీద చెమ్మగా పడుతుంది. డీజిల్లో గంధకం ఉంటే ఆ చెమ్మ ఆమ్లమవుతుంది. ఇప్పటి బీఎస్-6 డీజిల్లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లకు మించదు కాబట్టి ఆమ్లం బెడద బాగా తగ్గింది. నీరు, కాలని డీజిల్ బెడద మాత్రం అలాగే ఉంది. తెల్లపొగ, ఆయిల్ చిక్కదనం పోవడం, వెయ్యి గంటలు తిరక్కుండానే బోరు అరగడం అన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

అయితే చల్లగా నడిపే అలవాటు ఊరికే రాలేదు. సముద్రపు నీటిని నేరుగా బ్లాకులోకి పంపే ఇంజనుని వేడిగా నడపకూడదు. నీరు 60, 65 డిగ్రీలు దాటితే అందులోని కాల్షియం లవణాలు గట్టిపడి గోడలకు అంటుకుంటాయి. పంచదారకి భిన్నంగా ఈ లవణాలు వేడి పెరిగే కొద్దీ తక్కువగా కరుగుతాయి, అందుకే ఎక్కడ ఎక్కువ వేడి ఉంటే, అంటే హెడ్డులో వాల్వుల చుట్టూ, అక్కడే పొర కడతాయి. కాబట్టి ఉప్పునీళ్ల ఇంజన్లకి 60 డిగ్రీల థర్మోస్టాట్ (నీటి వేడిని ఒక హద్దులో నిలిపే వాల్వు) పెడతారు. పాత పద్ధతిలో అది సరైనదే. ఆ అలవాటునే మంచినీళ్లతో తిరిగే కారు ఇంజనుకి అంటగట్టడం దగ్గరే తప్పు జరుగుతోంది.

మా సలహా ఒక్కటే. కారు ఇంజను బ్లాకులోకి ఉప్పునీళ్లు రానివ్వకండి. లోపల మంచినీళ్లు మూసిన చుట్టులో తిరగాలి, ఉప్పునీళ్లు, రెండు నీళ్లూ కలవకుండా వేడిని మాత్రం దాటనిచ్చే గొట్టాల కట్ట ఉన్న హీట్ ఎక్స్‌చేంజర్ దాకా వచ్చి వేడి తీసుకుని పొగగొట్టంలోంచి బయటికి పోవాలి. అప్పుడు 80 డిగ్రీల్లో నిశ్చింతగా నడపొచ్చు.

ఇంజను ఎంచుకునేటప్పుడు

జేబులో ఒక అయస్కాంతం వేసుకుని వెళ్లండి. హెడ్డుకి, థర్మోస్టాట్ గూడుకి, వాటర్ పంపు బాడీకి తగిలించి చూడండి. అంటుకుంటే పోత ఇనుము, జారిపోతే అల్యూమినియం. ఇనుప హెడ్డు పడవకి మేలు. అంబాసిడర్‌లో వచ్చిన పాత 1489 సీసీ డీజిల్ అలాంటిదే. అది బ్రిటన్ కంపెనీ బీఎంసీ నమూనా, ఇంగ్లాండులో దాన్నే 'కెప్టెన్' పేరుతో పడవ ఇంజనుగా అమ్మారు. అల్యూమినియం హెడ్డున్న ఇంజను పనికిరాదని కాదు గానీ, దానికి కూలెంట్ (ఇంజనులో తిరిగే, తుప్పు మందు కలిపిన నీరు) విషయంలో ఏ మాత్రం ఏమరుపాటూ కుదరదు. మూసిన పెట్టెలో పెట్రోలు ఇంజను వద్దే వద్దు. ఆవిరి అడుగున చేరి, స్టార్టర్ నిప్పురవ్వకే అంటుకుంటుంది.

గాజువాక ఆటోనగర్‌లో పాత ఇంజను కొంటే దాంతో పాటు థర్మోస్టాట్ గూడు, బైపాస్ గొట్టం (ఇంజను వేడెక్కేదాకా నీటిని లోపలే తిప్పేది), వాటర్ పంపు, క్రాంక్ పుల్లీ అన్నీ వచ్చాయో లేదో సరిచూసుకోండి. రేడియేటర్, ఫ్యాను వదిలేయండి. పైన మూత ఉన్న పెట్టెలో రేడియేటర్ పెట్టి ఫ్యాను తిప్పితే అదే వేడిగాలి చుట్టూ తిరుగుతుంది.

ఎంత వేడి, ఎంత నీరు

రోడ్డు మీద కారు పూర్తి బరువు లాగేది ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో, ముందు బండిని దాటేటప్పుడో, కొన్ని నిమిషాలు మాత్రమే. పడవలో ప్రొపెల్లర్ నీటిని తోస్తూనే ఉంటుంది, అది ఎప్పటికీ దిగని ఘాటు. గంటలకొద్దీ ముప్పావు బరువు మీద నడిచే ఇంజనుకి కారు రేడియేటర్ లెక్కలు చాలవు. పైగా కారు కింద గాలి తగిలి ఇంజను అడుగున ఉండే సంపులో ఆయిల్ చల్లబడేది, పడవ పెట్టెలో ఆ గాలి లేదు. అందుకే ఆయిల్ కూలర్ కూడా పెట్టాలి.

లెక్క ఇలా వేసుకోండి. చుట్టూ నీటి జాకెట్ ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒకచోటికి చేర్చే గొట్టం) బిగించిన చిన్న డీజిల్ ఇంజను షాఫ్టు మీద ఎన్ని కిలోవాట్లు ఇస్తుందో, దాదాపు అన్ని కిలోవాట్ల వేడిని నీటిలోకి వదులుతుందని అనుకుంటే తప్పు పోదు. 40 హార్స్ పవర్ అంటే 30 కిలోవాట్లు. ఆ 30 కిలోవాట్ల వేడిని, ఉప్పునీరు 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కేలా మోసుకుపోవాలంటే నిమిషానికి సుమారు 44 లీటర్లు కావాలి. 15 డిగ్రీలు వేడెక్కనిస్తే 30 లీటర్లు చాలు గానీ మన సముద్రంలో 10 డిగ్రీల లెక్కే పెట్టుకోండి.

ఎందుకంటే విశాఖ దగ్గర పైనీరు చలికాలంలో 25 డిగ్రీల దగ్గర ఉంటే, మే నెలలో 29, 30కి వస్తుంది. చల్లని దేశాల కేటలాగులో "40 హార్స్ పవర్‌కి సరిపోతుంది" అని రాసిన ఎక్స్‌చేంజర్ 15 డిగ్రీల సముద్రానికి లెక్కేసిందై ఉండొచ్చు. 80 డిగ్రీల కూలెంట్‌కీ ఉప్పునీటికీ ఉండే తేడా మీదే వేడి దిగుతుంది. సముద్రం 15 నుంచి 30కి వస్తే ఆ తేడా సగటున 60 నుంచి 45కి పడిపోతుంది. అంటే అదే ఎక్స్‌చేంజర్ ఇక్కడ నాలుగో వంతు పని తక్కువ చేస్తుంది. కొనే ముందు ఏ నీటి వేడికి లెక్కేశారో అడగండి. చెప్పలేకపోతే ఒక సైజు పెద్దది తీసుకోండి. ఎక్స్‌చేంజర్ పెద్దదైతే నష్టమేమీ లేదు, ఇంజను వేడి ఎక్కడ నిలవాలో థర్మోస్టాట్ చూసుకుంటుంది.

గురిపెట్టాల్సిన అంకెలు ఇవి. హెడ్డులోంచి బయటికొచ్చే కూలెంట్ 78 నుంచి 85. ఇంజనులోకి వెళ్లే నీటికీ వచ్చే నీటికీ తేడా 6 నుంచి 10. ఆయిల్ 90 నుంచి 105. ఎక్స్‌చేంజర్ దాటిన ఉప్పునీరు 45 లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 55 దాటకూడదు. కూలెంట్ అలారం 95 దగ్గర మోగాలి.

ఉప్పునీళ్ల దారి

పడవ అడుగు నుంచి వరుస ఇది: సీకాక్ వాల్వు (పడవ అడుగున నీరు వచ్చే రంధ్రాన్ని మూసేది), జాలీ ఫిల్టరు, ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల చక్రం) ఉన్న పంపు, గేరుబాక్సు కూలర్, ఆయిల్ కూలర్, హీట్ ఎక్స్‌చేంజర్, పైకి లేచి దిగే వంపు, చివరగా పొగగొట్టంలోకి చిమ్మే చోటు. గేరుబాక్సు ఆయిల్‌కి చల్లని నీరు కావాలి, అందుకే అది ముందుండాలి.

సీకాక్‌గా ఇంటి కుళాయికి వాడే ఇత్తడి గేటు వాల్వు పెట్టకండి. ఉప్పునీళ్లలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, పైకి మామూలుగానే కనిపిస్తూ లోపల గుల్లవుతుంది. చేత్తో గట్టిగా తిప్పితే పిడి చేతిలోకి వస్తుంది, నీళ్లు పడవలోకి వస్తాయి. కంచుది గానీ, మెరైన్ గ్రేడు ప్లాస్టిక్‌ది గానీ బాల్ వాల్వు కావాలి. గాల్వనైజ్డ్ సాకెట్లు కూడా వద్దు. నీటిమట్టం కింద ప్రతి హోస్‌పైపు చివరా ఉప్పునీటిని తట్టుకునే 316 రకం స్టీలు క్లిప్పులు రెండేసి బిగించాలి. మామూలు క్లిప్పుల్లో పట్టీ మెరుస్తూనే ఉంటుంది, స్క్రూ తుప్పు పట్టి విరుగుతుంది.

నిమిషానికి 44 లీటర్లకి పీల్చే పైపు లోపలి కొలత 1 అంగుళం ఉంటే పని జరుగుతుంది గానీ బిగుతుగా ఉంటుంది. 1¼ అంగుళం పెడితే పంపుకి శ్రమ తగ్గుతుంది. ఆ పైపు పీల్పుకి ముడుచుకోకూడదు, లోపల స్టీలు తీగ ఉన్న హోసే వాడండి. పారదర్శకంగా ఉండే తోట పైపు వేడికి మెత్తబడి చప్పిడి అయిపోతుంది. జెట్టీ దగ్గర బాగా నడిచి, సముద్రంలో వేగం పెంచగానే వేడెక్కే ఇంజన్లలో ఈ పైపుని తప్పకుండా చూడాలి.

జాలీ ఫిల్టరు చేతికి అందే చోట, నీటిమట్టానికి కాస్త పైన, గాజు మూతతో ఉండాలి. హార్బర్ నీళ్లలో తేలే పాలిథిన్ సంచులు, వల నూలు ముక్కలు చేరేది ఇందులోనే. వానాకాలంలో గెడ్డల నీరు దిగినప్పుడు, జెల్లీ చేపలు గుంపుగా వచ్చినప్పుడు ప్రతి ప్రయాణానికీ విప్పి చూడాలి. భీమిలి, పూడిమడక లాంటి చోట్ల ఒడ్డు మీదికి లాగే పడవల్లో ఇసుక మరో సమస్య. కెరటాల్లో లేచిన ఇసుక పంపులోకి పోయి ఇంపెల్లర్‌నీ దాని కంచు పలకనీ అరగదీస్తుంది. అలాంటి పడవకి, అడుగున బయట అమర్చిన గొట్టాల్లో కూలెంట్ తిప్పే కీల్ కూలర్ బాగుంటుందని కొందరు చెబుతారు గానీ, ఇసుక మీద ఈడ్చే పడవలో ఆ గొట్టాలు ఎన్నాళ్లు నిలుస్తాయి? పడవ అడుగు దూలానికి రెండు పక్కలా గాడి చెక్కి లోపల ఇమిడ్చితేనే ఆ మాట ఆలోచించండి.

ఇంపెల్లర్‌కి నీరే కందెన. నీరు లేకుండా ఒక్క నిమిషం తిరిగితే రెక్కల చివర్లు కాలిపోతాయి. కొత్తది ఎక్కించేటప్పుడు గ్లిజరిన్ గానీ సబ్బునీళ్లు గానీ రాయండి, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. రెక్క విరిగితే ఆ ముక్క ఎక్కడుందో దొరికేదాకా వదలకూడదు. పాత ఇంపెల్లర్ పక్కన ముక్కలన్నీ పేర్చి రెక్కల లెక్క సరిపోయిందో లేదో చూడండి. దొరకని ముక్క ఎక్స్‌చేంజర్ గొట్టాల నోళ్ల దగ్గర అడ్డం పడి ఉంటుంది. కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గలేదంటే కారణం తరచూ ఆ ముక్కే.

పొగగొట్టం దగ్గర ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఒకటుంది. నీరు చిమ్మే చోటు మానిఫోల్డ్ కన్నా దిగువన, కిందికి వాలుగా ఉండాలి. అది నీటిమట్టం కింద గానీ, దానికి పైన 15 సెంటీమీటర్ల లోపు గానీ ఉంటే, ఇంజను ఆగాక సముద్రం సైఫన్‌లా లోపలికి పారి, తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లో చేరుతుంది. దానికి హోస్‌ని నీటిమట్టానికి 30 సెంటీమీటర్లకి పైగా ఎత్తి, వంపు నెత్తిన గాలి పీల్చే వాల్వు పెట్టాలి. ఆ వాల్వు ఉప్పు పట్టి మూసుకుపోతుంది, నెలకోసారి విప్పి కడగాలి.

ఇంకొకటి. స్టార్టర్ కొడుతున్నా ఇంజను అందుకోకపోతే, కొట్టిన ప్రతిసారీ పంపు ఉప్పునీళ్లు సైలెన్సర్‌లోకి తోస్తూనే ఉంటుంది. పొగ బలం లేదు కాబట్టి ఆ నీరు బయటికి పోదు, నిండి వెనక్కి వస్తుంది. రెండు మూడు సార్లకి మించి కొట్టాల్సి వస్తే సీకాక్ మూసేయండి. ఇంజను అందుకున్న క్షణమే తెరవండి. మరిచిపోతే పైన చెప్పిన ఇంపెల్లర్ పోతుంది, కాబట్టి ఒక కలాసీని వాల్వు దగ్గరే కూర్చోబెట్టడం మంచిది.

మంచినీళ్ల చుట్టు

కారు వాటర్ పంపు, బైపాస్, థర్మోస్టాట్ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. రేడియేటర్ ఉండే చోట ఎక్స్‌చేంజర్ వస్తుంది, అంతే తేడా.

థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా నడుస్తుందని చాలామంది తీసి పారేస్తారు. చాలా కారు ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు దాని అడుగున ఉన్న పళ్లెం బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీటిలో చాలా భాగం ఎక్స్‌చేంజర్ మొహం చూడకుండా ఇంజనులోకే తిరిగి పోతుంది. నెమ్మదిగా నడిపితే మరీ చల్లగా, బరువు మీద మరీ వేడిగా, రెండు రోగాలూ ఒకే ఇంజనుకి వస్తాయి.

82 అని ముద్ర ఉన్నది కొనండి. ఇప్పటి కార్లకి వచ్చే 88, 92 డిగ్రీలవి పడవలో వేడి పెరిగినా తట్టుకోడానికి మనకి మిగిలే జాగాని తగ్గిస్తాయి. బిగించే ముందు పరీక్ష: గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద వేడి చేయండి. దారాన్ని వాల్వు పెదవిలో ఇరికించి వేలాడదీస్తే, తెరుచుకోవడం మొదలైన క్షణాన అది జారి కిందపడుతుంది. అప్పుడు థర్మామీటర్ 80, 84 మధ్య చూపాలి. నీరు మరిగే లోపు సుమారు 8 మి.మీ. తెరుచుకోవాలి. అదే గిన్నెలో గేజీ సెన్సార్‌ని కూడా ముంచి, తీగ కలిపి, డయలు ముల్లుని సరిచూడండి. సముద్రమట్టం దగ్గర నీరు 100 డిగ్రీల్లోనే మరుగుతుంది కాబట్టి విశాఖలో ఈ పరీక్షకి ఇంకో కొలత అక్కర్లేదు. ముల్లు ఎక్కడ ఆగిందో డయలు అద్దం మీద గోళ్ల రంగుతో చుక్క పెట్టుకోండి.

థర్మోస్టాట్ అంచున గాలి పోయే చిన్న రంధ్రం లేకపోతే 3 మి.మీ. డ్రిల్లుతో ఒకటి వేసి, అది పైకి వచ్చేలా బిగించండి.

హెడర్ ట్యాంకు (కూలెంట్ పోసే, పొంగితే చోటిచ్చే ట్యాంకు) మొత్తం చుట్టులో అన్నిటికన్నా ఎత్తున ఉండాలి. హెడ్డు నెత్తి నుంచి, మానిఫోల్డ్ నెత్తి నుంచి సన్నటి గాలి గొట్టాలు రెండు ఎక్కడా కిందికి వాలకుండా ట్యాంకులోకి రావాలి. కారులో ఇంజను సమంగా కూర్చునేది. పడవలో షాఫ్టు వాలుకి తగ్గట్టు ముందు వైపు లేచి ఉంటుంది, కాబట్టి గాలి చేరే మూల మారిపోతుంది. ఇంజను దించాక ఏ మూల ఎత్తుగా ఉందో చూసి ఆ మూల నుంచే గాలి గొట్టం తీయాలి. దీన్ని పట్టించుకోకపోతే ముల్లు 80, 95 మధ్య ఊగుతూనే ఉంటుంది.

30 డిగ్రీల నుంచి 85 దాకా వేడెక్కితే కూలెంట్ నూటికి మూడు నాలుగు పాళ్లు పెరుగుతుంది. మొత్తం 12 లీటర్లు పడితే అర లీటరు దాకా పొంగుతుంది. ట్యాంకు పైన ఒక లీటరు ఖాళీ వదలండి. మూత 7 పీఎస్ఐ ఒత్తిడి ఆపేది చాలు, దాంతో నీరు మరిగే వేడి 110 డిగ్రీలు దాటుతుంది. మూత రబ్బరు ఎండి పగిలితే ఆ లాభమంతా పోతుంది.

ఇక్కడ నీరు గడ్డకట్టే బెంగ లేదు, అయినా కూలెంట్ కావాలి. మనకి కావాల్సింది అందులోని తుప్పు పట్టనివ్వని మందు. మూడో వంతు కూలెంట్, రెండు వంతులు బ్యాటరీ నీళ్లు కలిపితే సరిపోతుంది. సగానికి సగం కలిపినా పాడవదు గానీ వేడి మోసే శక్తి కాస్త తగ్గుతుంది. తీరం పక్క బోరు నీళ్లు మాత్రం పోయకండి. బ్లాకులోకి ఉప్పు రాకూడదని ఇంత ఖర్చు పెట్టి, బిందెతో తెచ్చి పోసినట్టవుతుంది.

మానిఫోల్డ్ విషయంలో కక్కుర్తి వద్దు. కారుది అలాగే ఉంచితే బరువు మీద ఎర్రగా కాలుతుంది, పక్కనే చెక్క పెట్టె, డీజిల్ పైపు. జాకెట్ ఉన్న పోత మానిఫోల్డ్ దొరికితే కొనండి. ఇనుప రేకుతో జాకెట్ వెల్డు చేయిస్తే అందులో తిరగాల్సింది మంచినీళ్లే. చల్లటి ఉప్పునీళ్లు పంపితే వెల్డు లోపలి వైపు తినేసి ఒకరోజు ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్‌లోకి దిగుతాయి. వెల్డు అయ్యాక 2 బార్ ఒత్తిడితో నీళ్లు నింపి గంట సేపు వదిలి, చెమ్మ పట్టిందేమో తడిమి చూడండి.

ఇంజను పెట్టెకి గాలి కూడా మరవద్దు. ఒకటిన్నర లీటరు ఇంజను 3000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2,250 లీటర్ల గాలి పీలుస్తుంది. లోపలికి 4 అంగుళాల గొట్టాలు రెండు, వేడిగాలి పోవడానికి పైన ఇంకొకటి ఉండాలి.

సెన్సార్లు ఎక్కడ

గేజీ సెన్సార్ హెడ్డులో, థర్మోస్టాట్‌కి ముందు ఉండాలి. దానికో లోపం ఉంది. హోస్ పగిలి నీరంతా పోతే సెన్సార్ చుట్టూ ఆవిరే మిగులుతుంది, ముల్లు పెరగాల్సింది పోయి కిందికి దిగుతుంది. "వేడి తగ్గిందిలే" అనుకునే లోపు హెడ్డు వంకర తిరుగుతుంది. అందుకే రెండో సెన్సార్ పొగ హోస్ పైన, నీరు చిమ్మే చోటు దాటాక, పట్టీతో కట్టండి. 75 డిగ్రీలకి మోగే స్విచ్చి చాలు. ఉప్పునీళ్లు ఆగితే కూలెంట్ గేజీ కదలడానికి చాలా నిమిషాలు పడుతుంది, హోస్ మాత్రం నిమిషంలోపే కాలుతుంది. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే కూలెంట్ అలారం మానేసినా ఇది మానకండి. మోగేది సరంగుకి (పడవ నడిపేవాడికి) ఇంజను చప్పుడు మీద కూడా వినబడేంత గట్టిగా ఉండాలి.

నీళ్లలో పరీక్ష

ముందు జెట్టీకి కట్టే ఉంచి, ఎక్స్‌చేంజర్ నుంచి పొగగొట్టానికి పోయే హోస్ విప్పి 20 లీటర్ల డబ్బాలో పెట్టండి. 1500 ఆర్‌పీఎం దగ్గర డబ్బా 55 సెకన్లలో నిండితే 3000 దగ్గర నిమిషానికి 44 లీటర్లు వస్తాయి, ఎందుకంటే ఇంపెల్లర్ పంపు వేగానికి తగ్గట్టే తోస్తుంది. పొగగొట్టానికి నీరు అందదు కాబట్టి ఈ పరీక్ష ఒక నిమిషంలో ముగించాలి.

తర్వాత డాల్ఫిన్స్ నోస్ దాటి, ఓడలు తిరిగే దారి వదిలి పక్కకి వెళ్లాక అసలు పరీక్ష. పూర్తి వేగం మీద అరగంట. ఐదు నిమిషాలకోసారి కూలెంట్, ఆయిల్, ఉప్పునీరు బయటికొచ్చే వేడి, ఆర్‌పీఎం నాలుగూ కాగితం మీద రాయండి. కూలెంట్ 84 దగ్గరికి వచ్చి నిలబడితే బాగున్నట్టు. ఐదు నిమిషాలకి డిగ్రీ చొప్పున ఎక్కడా ఆగకుండా పెరుగుతూ పోతే ఎక్స్‌చేంజర్ చాలలేదు. ఉప్పునీరు 50 దాటి వేడిగా, తక్కువగా వస్తుంటే ఎక్స్‌చేంజర్‌ది తప్పు కాదు, పంపు దారిలో అడ్డముంది. ఉప్పునీరు చల్లగా, దండిగా వస్తూ కూలెంట్ మాత్రం పెరుగుతుంటే గొట్టాల మీద పొర కట్టింది, లేదా మంచినీళ్లు సరిగా తిరగడం లేదు.

ఇంజను చెప్పిన ఆర్‌పీఎం చేరకుండా నల్లపొగ పోస్తూ వేడెక్కుతుంటే కూలింగ్ జోలికి పోకండి. ప్రొపెల్లర్ పెద్దది, పిచ్ (రెక్కల వాలు) తగ్గించాలి. ఈ తప్పుకి ఎక్స్‌చేంజర్ మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

ఆపే ముందు ఐదు నిమిషాలు ఐడిల్‌లో వదలండి. ఆపాక ముల్లు ఐదారు డిగ్రీలు పెరిగితే కంగారు పడక్కర్లేదు, ఇనుములో దాగిన వేడి కదలని నీటిలోకి దిగుతుంది. వేడి మీద మూత మాత్రం విప్పకండి.

వేట నిషేధం రోజుల్లో

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలు కట్టేసి ఉంటాయి. ఆ రోజుల్లో నిలిచిన వెచ్చటి ఉప్పునీళ్లలో రెండు జరుగుతాయి. సీకాక్ నోట్లో, పీల్చే పైపు మొదట్లో గుల్లలు పెరుగుతాయి. ఎక్స్‌చేంజర్ గొట్టాల్లో మిగిలిన నీరు కుళ్లి లోహాన్ని చుక్కలు చుక్కలుగా తింటుంది. జూన్ 15న వేటకి పోయినరోజే ఇంజను వేడెక్కడానికి సముద్రం 30 డిగ్రీల దగ్గర ఉండటం ఒక కారణమైతే, ఈ గుల్లలు రెండోది.

కట్టేసేరోజే సీకాక్ మూసి, పంపు పీల్చే పైపుని మంచినీళ్ల డ్రమ్ములో ముంచి, ఇంజను ఐడిల్‌లో ఉప్పంతా పోయేదాకా నడిపి, డ్రమ్ము ఖాళీ కాకముందే ఆపండి. తర్వాత ఎక్స్‌చేంజర్ అడుగు ప్లగ్గు విప్పి నీరు దించేయండి. ఇంపెల్లర్ తీసి పక్కన పెట్టండి, రెండు నెలలు ఒకే చోట ముడుచుకుని ఉంటే రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి.

గొట్టాలకి బదులు తాను కరిగేలా ఎక్స్‌చేంజర్‌లో పెట్టే జింకు కడ్డీ సగం తరిగితే మార్చాలి. మామూలు రోజుల్లోనూ నెలకోసారి చూడాల్సిందే, వెచ్చటి నీళ్లలో త్వరగా కరుగుతుంది. దాని ప్లగ్గు మరకి టెఫ్లాన్ టేపు చుట్టకండి. టేపు అడ్డం వస్తే జింకుకీ ఎక్స్‌చేంజర్ బాడీకీ కరెంటు సంబంధం తెగిపోయి, జింకు నిక్షేపంగా ఉంటుంది, గొట్టాలు పోతాయి. మార్చిన జింకు మూడు నెలలైనా కొత్తగానే ఉందంటే సంతోషించకుండా మల్టీమీటర్‌తో ఆ సంబంధం ఉందో లేదో చూడండి.

గొట్టాల కట్ట బయటికి లాగి, వెలుతురు వైపు పెట్టి ఒక్కో గొట్టంలోంచి చూడండి. పొర ఉంటే సల్ఫామిక్ ఆమ్లం పొడి నీళ్లలో కలిపి, లేదా వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టండి. జింకు ముందే తీసేయాలి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ త్వరగా పనిచేస్తుంది గానీ ఇనుముని, అల్యూమినియంని కూడా తినేస్తుంది. ఇనుప చువ్వతో పొడవకండి, వెదురు పుల్ల గానీ నైలాన్ బ్రష్షు గానీ వాడండి. కడిగాక కట్టని తిరిగి లోపల పెట్టి, గొట్టాల చివరలు తెరిచే ఉంచి, మంచినీళ్ల నోళ్లలో ఒకటి మూసి, రెండోదాని నుంచి 1 బార్ గాలి పెట్టి నీళ్ల తొట్టిలో ముంచండి. బుడగలొచ్చే గొట్టం ఒకటో రెండో అయితే రెండు చివరలా కంచు బిరడా కొట్టి వాడుకోవచ్చు. పదింటిలో ఒకటికి మించి పోతే కట్ట మార్చాల్సిందే, లేకపోతే పైన చెప్పిన 30 డిగ్రీల లెక్కలో అది నిలబడదు.